పునాది కింద మనిషి

వించెస్టరు ప్రయాణం సంగతి చెప్పేముందు మా ఇంటి గోడ సంగతి చెప్పాలి. మాది గుంటూరు జిల్లాలో నల్లరేగడి నేల. వానాకాలంలో ఆ మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది; ఎండల్లో ఎండి, చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతుగా లేని ఇల్లు దానితోపాటే లేస్తుంది, దానితోపాటే కుంగుతుంది. మా నాన్నగారు కట్టించిన ఇంటి తూర్పుగోడ మూలనుంచి కిటికీదాకా మెట్లు మెట్లుగా బీట వేసింది. రెండుసార్లు సిమెంటు పూయించాం. రెండుసార్లూ మళ్లీ విచ్చింది.

"జబ్బు గోడది కాదు మాస్టారూ, కిందిది" అన్నాడు మేస్త్రి.

గోడకు వాలుగా దుంగలు ఊతం పెట్టించాడు. పునాది వెంట నాలుగేసి అడుగుల చొప్పున గుర్తులు పెట్టి, ఒకటి విడిచి ఒకటి తవ్వించాడు. గట్టినేల తగిలేదాకా గుంట దింపి, కాంక్రీటు పోయించి, పాత పునాదికీ కొత్తదానికీ నడుమ సందు లేకుండా దట్టించి, అది గట్టిపడ్డాక గాని పక్క గుంట ముట్టుకోనివ్వలేదు. "అంతా ఒక్కసారే తవ్వితే గోడ దేనిమీద నిలబడుతుంది?" అన్నాడు. చెప్పింది మేస్త్రి, గుంటలో దిగింది మాత్రం అతని వెంట వచ్చిన బక్కపలచని కుర్రవాడు. అంత గోడనూ నెత్తిమీద ఉంచుకొని, ఒంగి, మట్టి తోడిపోశాడు.

గోడ నిలిచింది. ఆ నిశ్చింతతోనే మరుసటి సంక్రాంతి సెలవుల్లో లండనులో ఉన్న మా తమ్ముడి దగ్గరకు వెళ్లాను. గోడ కథంతా విని, "అయితే అన్నయ్యా, నువ్వు చూడవలసింది లండను కాదు" అని నవ్వి, మర్నాడు వాటర్లూ స్టేషనులో రైలెక్కించాడు. గంట ప్రయాణం. వించెస్టరులో దిగి, సన్నని జల్లులో నడిచి, కెథడ్రల్ ముందు నిలబడ్డాం.

చర్చి అంటే మన ఊళ్లలో చూసేటంతది కాదు. పొడవే 558 అడుగులు. 1079లో కట్టడం మొదలుపెట్టారు. 13వ శతాబ్దం తొలినాళ్లలో తూర్పువైపు ఇంకా పెంచారు. అక్కడి నేల పీట్: ఆకూ అలమూ కుళ్లి పేరుకొన్న మెత్తని నేల. కొంచెం తవ్వితే నీళ్లు. గట్టి కంకర దాని అడుగున ఎక్కడో ఉంది. ఆనాటివారు బీచి చెట్ల దుంగలు పరిచి, వాటిమీద గోడలు లేపారు. పాపం, దుంగలు ఏడువందల ఏళ్లు మోశాయి. 1905 నాటికి గోడలు ఒరిగి, గుడ్లగూబలు కాపురం పెట్టేటంత బీటలు పడ్డాయి.

ఆర్కిటెక్టు థామస్ జాక్సన్, ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ కలిసి ఆలోచించిన వైద్యం మా మేస్త్రి చేసినదే: కొంచెం కొంచెంగా తవ్వి, గట్టినేల మీదినుంచి కొత్త పునాది లేపడం. కాని తవ్విన గుంటల్లా నీళ్లతో నిండింది. బలవంతాన తోడేస్తే నీళ్లతోపాటు గోడల కింది మట్టి కూడా వచ్చేస్తుంది. అప్పుడు, 1906లో, విలియం వాకర్ అనే డైవరును పిలిపించారు.

ఒంటిమీద దాదాపు 200 పౌన్ల బరువున్న దుస్తులు. 20 అడుగుల లోతు. ఆ బురదనీటిలో దీపం కూడా పనికిరాదు; చేతుల తడుములాటే చూపు. రోజుకు ఆరుగంటలు అలా మునిగి, కాంక్రీటు సంచులు అడుగున పరిచి, నీరు ఊరకుండా మూసేవాడు. ఆ తరువాతనే నీళ్లు తోడి, తాపీవాళ్లు దిగి కట్టేవారు. 1911దాకా ఇదే పని. మొత్తం మీద 25,000కు పైగా సంచులు, సుమారు 1,15,000 కాంక్రీటు దిమ్మెలు, 9,00,000 ఇటుకలు పట్టాయట!

నేలమాళిగలోకి తొంగిచూశాం. వానలకు ఇప్పటికీ అక్కడికి నీరు వస్తుంది. ఆ నీటిలో ఒక మనిషి విగ్రహం, దోసిట్లోకి తలవంచి చూస్తూ ఒంటరిగా నిలబడి ఉంది. వాకరేనేమో అనుకొన్నాను. కాదట, 1986లో ఆంటొనీ గోర్మ్‌లీ చేసిన శిల్పమట.

"వాకరుకు విగ్రహం లేదా?" అన్నాను.

"ఉంది. దానికీ ఒక కథ ఉంది" అన్నాడు తమ్ముడు.

1912లో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు అయిదవ జార్జి రాజు స్వయంగా వచ్చాడు. వాకరుకు గౌరవం జరిగింది. 1918లో, ప్రపంచమంతటా పాకిన ఆ ఫ్లూ జ్వరంలో, 49 ఏళ్లకే అతను పోయాడు. 1964లో అతని విగ్రహమంటూ ఒకటి నిలిపారు. తీరా చూస్తే, ముఖం ఇంజనీరు ఫాక్సుది! అసలు ముఖంతో కొత్త విగ్రహం రావడానికి 2001దాకా పట్టింది.

తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. వీళ్లు ముఖం పొరబడ్డారు గాని, పేరు మరిచిపోలేదు. నేను మా గోడ కింద దిగినవాడికి కూలి ఇచ్చాను, కాఫీ ఇప్పించాను. పేరు అడగలేదు.

ఊరు చేరగానే మేస్త్రికి ఫోను చేశాను.

"ఏం మాస్టారూ, మళ్లీ బీట వేసిందా?" అన్నాడు కంగారుగా.

"గోడ బాగానే ఉందయ్యా. ఆ గుంటల్లో దిగిన అబ్బాయి పేరేమిటి?" అన్నాను.