వజ్రం మాట వినేవాళ్ళున్నారు

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఫిజిక్సుతో ఏం పని అని మీరడగొచ్చు. మదనపల్లెలో చదువుకుని పరిశోధనకి కుప్పం వెళ్ళాను. అక్కడికి దగ్గర్లోనే కోలారు బంగారు గనులు. 1965లో ఆ గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. కంటికి కనబడని కణాల్ని దేంతో పట్టుకుంటారా అని చదువుతూపోతే వజ్రం ఎదురైంది.

జెనీవా దగ్గరి సెర్న్‌లో, అట్లాస్, సి.ఎం.ఎస్. ప్రయోగాల్లో వజ్రపు సెన్సార్లు అమర్చారు. అవి తవ్వితీసినవి కావు. మీథేన్, హైడ్రోజన్ వాయువుల నుంచి పొరలుగా పెంచినవి. మందం అర మిల్లీమీటరు. రెండువైపులా లోహపు పూత పూసి వోల్టేజి ఇస్తారు. విద్యుదావేశమున్న కణం అందులోంచి దూసుకుపోతే ఎలక్ట్రాన్లు విడివడి చిన్న సంకేతం పుడుతుంది. తీవ్రమైన రేడియేషన్‌ని సిలికాన్ కన్నా వజ్రం బాగా తట్టుకుంటుంది.

'ఇక్కడా ఓర్పేనా!' అనిపించింది. పుంగనూరులో మా అవ్వకి ఏడురాళ్ల వజ్రాల కమ్మలుండేవి. ఇంట్లో డబ్బు అవసరమైనప్పుడల్లా అవి కుదువకి వెళ్ళేవి. "వద్దురా, అవి మా అమ్మిచ్చినవి" అని ఆమె అంటూనే ఉండేది. చివరిసారి వెళ్ళినవి తిరిగి రాలేదు. ఆమె పోయాక మాత్రం ఎంత ఓర్పుగల మనిషో అని అందరూ మెచ్చుకున్నారు.

సెర్న్ వజ్రం కథ ఓర్పుతో అయిపోదు. ప్రోటాన్లు దారితప్పి చుట్టూ ఉన్న పరికరాలకు ముప్పొస్తే ముందుగా పసిగట్టేది అదే. దాని సంకేతం హద్దు దాటిందంటే, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ప్రోటాన్ల ప్రవాహాన్ని బయటికి మళ్ళించేసే ఏర్పాటుంది. తట్టుకోగలదు కాబట్టి ఇంకాస్త భరించనీ అని అక్కడెవరూ అనరు.

స్త్రీలు మౌనంగా భరించారని మనం ఎన్ని వ్యాసాల్లో రాసుకోలేదు! అది మౌనమేనా? మాట ఉంది. ఆ మాటతో ఆగాల్సింది ఆగే ఏర్పాటే లేదు. ఇప్పుడు ఏ కథలో సహనశీలి ఎదురైనా ఆమె ఎంత భరించిందని కొలవడం మానేశాను. 'చాలు' అని ఎప్పుడంది, అప్పుడు వింటున్నదెవరు అని వెతుకుతున్నాను.