పలాస పాసింజరులో గీసుకున్నవి

2022 సెప్టెంబరు 14, వైజాగ్

మొదటి ప్రాజెక్టు గెంతే బంతి. ఏ దేశంలో ఏ యానిమేషన్ కాలేజీలో చేరినా ఇక్కడే మొదలెడతారట. బంతికి కళ్ళుండవు, మూతి ఉండదు, నటించడానికి బరువు తప్ప ఇంకేమీ ఉండదు. అదే గుండ్రాన్ని రబ్బరు బంతిగా, ఇనప గుండుగా, నీళ్ళు నింపిన బెలూనుగా చూపించమన్నారు. పైకి లేచిన చోట బొమ్మలు ఒత్తుగా పడాలి, కిందకి దిగేటప్పుడు దూరం దూరంగా పడాలి. నేను ఇంకోటి కలిపాను, తాటిపండు. భాద్రపదంలో మా ఊళ్ళో రాత్రిళ్ళు రాలుతుంటే నిద్రలోనే వినబడుతుంది. అది గెంతదు. ధబ్బున పడి, తొడిమ ఉన్న వైపుకి కొంచెం దొర్లి ఆగిపోతుంది. సారు రెండుసార్లు చూసి, "పనసకాయా?" అన్నారు. సిటీలో పుట్టి పెరిగిన మనిషి, ఏం చేస్తాం.

2022 అక్టోబరు 11, విజయనగరం

దసరా వెళ్ళిన మొదటి మంగళవారం. పైడితల్లమ్మ సిరిమాను. స్కెచ్ బుక్ పట్టుకెళ్ళాను గానీ ఆ జనంలో మోచెయ్యి కదిలితేనా! మూడులాంతర్ల దగ్గర నిలబడి కళ్ళతోనే గీసుకుని, రాత్రి రైల్లో కాగితం మీద పెట్టాను.

చింతమాను మొదలు బండి మీద, కొస ఆకాశంలో, ఆ కొసన పూజారి. గుడి నుంచి కోటకీ, కోట నుంచి గుడికీ మూడుసార్లు. బండి కదిలిన క్షణానికి కొస కదలదు. ముందు మొదలు ముందుకెళ్తుంది, నడుం వంగుతుంది, అప్పుడు పూజారి వెనక్కి ఒరిగినట్టయి ముందుకొస్తాడు. బండి ఆగిపోయాక కూడా పైన ఆయన ఊగుతూనే ఉంటాడు. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే డిస్నీ యానిమేటర్లు 1981లో వేసిన పుస్తకంలో పన్నెండు సూత్రాలున్నాయి. అందులో 'ఫాలో త్రూ' అని మాకు బోర్డు మీద గుర్రం తోక గీసి చెప్పిన పాఠం ఇదే. తోక కంటే ఇది నయం. పైన మనిషి ఉన్నాడు కాబట్టి చూసేవాడికి కడుపులో గుబులు పుడుతుంది.

జనం పూజారి మీదికి అరటిపళ్ళు విసురుతారు. ప్రతి పండూ గాల్లో ఒక విల్లు గీస్తుంది. మేడ మీంచి విసిరినది బద్ధకంగా వంగుతుంది. కింద నుంచి విసిరినది కొసన ఒక్క క్షణం నిలబడి తల తిప్పుకుంటుంది. ఆ నిలబడే చోట ఎన్ని బొమ్మలు పెట్టాలో రేపు తేల్చాలి. ఊరేగింపులో బెస్తవారి వల, పాలధార, అంజలి రథం చూడనేలేదు. తెల్ల ఏనుగుది ఒక చెవి మాత్రం భుజాల సందులోంచి కనబడింది.

2023 జనవరి 17, పొందూరు

పండక్కి వచ్చాను, నడక ప్రాజెక్టు వెంటే వచ్చింది. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు నిలిస్తే 12 బొమ్మలు. మామూలు నడకలో తల కిందకీ పైకీ అలలా పోతుందని పుస్తకాలన్నిట్లో ఉంది. బోరింగు దగ్గర కూర్చుని చూస్తే, నెత్తిన బిందె ఉన్న మనిషికి ఆ అల లేదు. తల గీత స్కేలుతో కొట్టినట్టుంది. కుదుపంతా మోకాళ్ళూ నడుమూ మింగేస్తున్నాయి. మామ్మ బిందె మొయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నెత్తిన ఏమీ లేకుండానే అలాగే నడుస్తుంది.

2023 సెప్టెంబరు 10

వపా పుట్టినరోజు. వడ్డాది పాపయ్య 1921లో ఇదే తేదీన శ్రీకాకుళంలో పుట్టారు. బ్యాక్‌గ్రౌండ్ పెయింటింగ్ క్లాసుకి పాత చందమామ అట్ట ఒకటి తీసుకెళ్ళి, దాని రంగుల్ని వేరే కాగితం మీద చిన్న చిన్న గళ్ళుగా విడదీశాను. ఈ అట్ట మీద నీడల్లో నల్లరంగే లేదు, ఊదా ఉంది, ముదురు నీలం ఉంది. పక్కనే అంట్యాకుల పైడిరాజు గారి బొమ్మ పెట్టి చూస్తే ఒకటి తోచింది. పైడిరాజు గారి పల్లె ఆడవాళ్ళు అరికాలు మొత్తం నేలకి ఆన్చి నిలబడతారు. వపా అమ్మాయిలు నేలకి బెత్తెడు పైనే ఉంటారు. ఇద్దరూ మావాళ్ళే. కదిలించమంటే నేను పైడిరాజు గారి వైపే. వపా బొమ్మని కదిపితే చెడిపోతుంది.

2023 నవంబరు 23, వైజాగ్

లిప్ సింక్. ఇచ్చిన మూతుల చార్టు ఇంగ్లీషుది. ఏ అక్షరానికి ఏ మూతి ఆకారమో పది బొమ్మలు. మిగతావాళ్ళు సినిమా డైలాగులు తీసుకున్నారు. నేను ఫోన్లో రికార్డు చేసిన మామ్మ మాట తీసుకున్నాను:

"ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?"

మూడు సెకన్లు కూడా లేదు. వారం తినేసింది. 'బువ్వ'లో 'బు'కి పెదాలు మూసుకుని గుండ్రంగా తెరుచుకోవాలి, సరే. తర్వాత 'వ్వ'. చార్టు ప్రకారం పై పళ్ళు కింది పెదవిని కొరకాలి. అలా గీస్తే మామ్మ ఎవరినో తిట్టబోతున్నట్టుంది. అద్దం ముందు నిలబడి అంటే తెలిసింది, మనం కొరకం, ఊరికే ఆనిస్తాం. ఇక ఒత్తులు. 'వ్వ', 'న్న' దగ్గర నోరు ఆగుతుంది. అక్కడ బొమ్మని రెండు ఫ్రేములు ఎక్కువ నిలబెడితేనే తెలుగు వినబడినట్టు కనబడుతుంది. నిలపకపోతే డబ్బింగు బొమ్మ. పైగా మన మాటలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాక్యం అయ్యాక కూడా నోరు కాస్త తెరిచే ఉండాలి. చార్టులో చివరి బొమ్మ మూసిన మూతి.

పాత చార్టు పక్కనపెట్టి సొంతది గీసుకున్నాను. క్లాసులో అందరూ ఫొటో తీసుకున్నారు. శ్రీకాకుళం యాస అర్థం కాలేదన్నవాళ్ళు కూడా.

2024 మార్చి 10, అరసవల్లి

సూర్యనారాయణమూర్తి పాదాల మీద ఎండ పడే రోజులు. మార్చిలో 9, 10 ప్రాంతం, అక్టోబరులో 1, 2 తేదీలు. గుడి బయటే ఉన్నాను, లోపల జనం. లైటింగ్ అసైన్‌మెంట్‌కి ఇదే ఎంచుకున్నాను. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో సూర్యుణ్ణి తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి నిలబెట్టే సదుపాయం ఉంది. 18.3 ఉత్తరం, 83.9 తూర్పు అని కొట్టి, తేదీల్ని జరిపి చూశాను. రహస్యం తేలికే. రాత్రీ పగలూ సమానమయ్యే రోజుకి మార్చిలో పదిరోజులు ముందు, సెప్టెంబరుదానికి దాదాపు అన్ని రోజులే తర్వాత. రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి రవంత దక్షిణంగా ఇంచుమించు ఒకే చోట లేస్తాడు. కట్టినవాళ్ళు వాకిలిని ఆ గీతకి సరిపెట్టుకున్నారు. ఈ లెక్క చెబితే అమ్మ, "దేవుడి పని కూడా కంపూటర్లో పెట్టేవా" అంది గానీ, రెండర్ చూసి ఫోన్ వెంటనే తిరిగి ఇవ్వలేదు.

2024 ఏప్రిల్

కటౌట్ ప్రాజెక్టు. లోట్టె రైనిగర్ 1926లో నల్ల కాగితాలు కత్తిరించి 'ప్రిన్స్ అహ్మద్' తీసింది. మన తోలుబొమ్మలాటకి తోలుని వెలుతురు కనబడేదాకా గీకి రంగులద్దుతారు. నేను నల్లదే తీసుకుని తప్పెటగుళ్ళు కళాకారుణ్ణి చేశాను. గెంతే ముందు మోకాళ్ళు వంగే ఆ అర క్షణం వచ్చింది. గుండెల మీద రేకు గుళ్ళు వాయించే చేతులు రాలేదు. కీలు మోచేతి దగ్గర కాదు, మణికట్టు దగ్గర వదులుగా ఉండాలి.

2024 ఆగస్టు 9, సీతంపేట

ఆదివాసీ దినోత్సవం. ఎర్రమట్టి గోడ మీద తెల్ల గీతల సవర బొమ్మలు. మనుషులు, జంతువులు, చెట్లు, అన్నీ ఒక చట్రంలో. చాలావాటికి నేల గీత లేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో అడగడానికే లేదు, కాబట్టి బరువు అనే ప్రశ్నే లేదు. రెండేళ్ళుగా నేను నేర్చుకున్నదంతా ఇక్కడ పనికిరాదు. క్లాసులో ఒకడు వీటికి కీళ్ళు పెట్టి డాన్సు చేయిద్దామన్నాడు. అవి పెద్దలకోసం, దేవతలకోసం గీసే బొమ్మలు. అలంకారానికి గీసినవి కావు. నేను ఒప్పుకోలేదు. కాపీ చేసి నోట్ బుక్‌లో ఉంచుకున్నాను, అంతే.

2025 మార్చి 3

పొద్దున్నే ఆస్కార్లు. 'ఫ్లో'కి వచ్చింది! లాట్వియా సినిమా, ఒక్క మాట ఉండదు, ఒక పిల్లి, వరద. డైరెక్టరు గింట్స్ జిల్బలోడిస్. మా హాస్టల్ ల్యాప్‌టాపుల్లో ఉన్న ఆ ఉచిత బ్లెండర్‌తోనే చేశారు. 'సాఫ్ట్‌వేర్ కొనలేం సార్' అనే సాకు మాకందరికీ ఇవాళ్టితో పోయింది.

2025 ఆగస్టు 3, శ్రీకాకుళం

'మహావతార్ నరసింహ'కి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. సింహాద్రి అప్పన్న మా ఇలవేల్పు, కాబట్టి మామ్మకి ఇది సినిమా కాదు. నాకు స్తంభం పగిలాక అడుగుల బరువు నచ్చింది, మనుషుల మొహాలు నచ్చలేదు. పెద్దతెర మీద తెలుగు కార్టూన్ అంటే నాకు తెలిసినది 'కిట్టు' ఒక్కటే. 2006 సంవత్సరానికి జాతీయ అవార్డు వచ్చినది. ఇంటర్వెల్లో ఆ పేరు చెబితే తమ్ముడు గూగుల్ చేశాడు.

2025 డిసెంబరు 21, పొందూరు

ఫైనల్ ఫిల్మ్: ఒక నూలుపోగు. కొండపత్తి గింజ నుంచి మగ్గం దాకా. మొదటి షాటు వాలుగ చేప దవడ. ఇక్కడ పత్తిని దువ్వేది దానితోనే. చిన్న పళ్ళు, సూదుల్లా కాదు, గరుకుగా, లోపలికి వాలి ఉంటాయి. పట్టుకుని చూస్తే అరచేతిలో ఉందో లేదో తెలియదు. పత్తి మీద ఒకసారి లాగితే చెత్తా పొట్టి పోగులూ దవడలో ఉండిపోతాయి, పొడుగు పోగులు ఒకే వైపు తలలు తిప్పుకుంటాయి. ఈ షాట్‌కి సెకనుకి పన్నెండు బొమ్మలు చాలవు, 24 గీస్తున్నాను. దవడ బరువుండదు, పత్తి బరువుండదు. లాగే చేతిలో మాత్రం బరువు కనబడాలి.

ప్లేస్‌మెంట్‌కి వచ్చిన ఒక స్టూడియోవాళ్ళు షోరీల్లో ఇవేవీ వద్దన్నారు. రోటో పనికి మనుషులు కావాలట, హీరో చుట్టూ గీత గీసి కోసెయ్యడం. జీతం చెప్పారు, ఆలోచిస్తానన్నాను. షోరీల్ వరస మాత్రం మార్చలేదు, మొదట దవడే.

2026 జనవరి 18, పొందూరు

రాట్నం షాటు మామ్మకి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది. మొహం తనలా ఉందా లేదా అన్నది పట్టించుకోలేదు.

"దారం తెగినప్పుడు రెండు సేతులూ ఒక్కసారే ఆగిపోనాయేటే? అలాగవదు. ఎడం సేతికి ముందు తెలుస్తది. ఏకు పట్టుకున్నది అదే కదా. రాట్నం తిప్పే సెయ్యికి తరవాత."

ఖాళీ చేతులతో తిప్పి చూపించింది. ఫోన్లో తీసుకుని ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టాను. ఎడం చెయ్యి నాలుగు ఫ్రేములు ముందు. సబ్మిషన్ శుక్రవారం. కుడి చేతి లేయరు మొత్తం జరపాలి, రాట్నం చప్పుడు కూడా దాంతోపాటే.