వేషం చిన్నదే

నటుడు హ్యారీ డీన్ స్టాంటన్ అంటే ఎవరో తెలియదనేవాళ్లు కూడా ఫొటో చూపిస్తే ‘అరె, ఈయనా!’ అంటారు. పీక్కుపోయిన బుగ్గలు, నిద్ర చాలనట్టుండే కళ్లు. ‘ఏలియన్’లో పిల్లిని వెతుక్కుంటూ వెళ్లి ప్రాణాలు పోగొట్టుకునేది ఈయనే. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగంలో ఎఫ్‌బీఐ మనిషీ ఈయనే.

పుట్టింది 1926లో, కెంటకీలో. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో వంటపని. తర్వాత పాసడీనాలో నటన నేర్చుకుని, టీవీ కౌబాయ్ సీరియళ్లలో చేరాడు. ఎక్కువగా దొంగ వేషాలే. అప్పుడు స్నేహితుడు జాక్ నికల్సన్ తను రాసిన ఒక సినిమాలో వేషమిచ్చి, నటించే పని బట్టలకు వదిలేసి నువ్వు నువ్వుగా ఉండమన్నాడట. ఆ సలహాను స్టాంటన్ జీవితాంతం పాటించాడనిపిస్తుంది.

డేవిడ్ లించ్ తీసిన ‘ది స్ట్రెయిట్ స్టోరీ’ (1999) చూడండి. పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ముల కథ. ఒంట్లో బాగాలేని సోదరుణ్ని చూడటానికి ఒక ముసలాయన గడ్డి కోసే బండి మీద రాష్ట్రం దాటి వస్తాడు. ఆ సోదరుడు స్టాంటన్. సినిమా అంతా ఆయన కోసమే ప్రయాణం, ఆయన కనబడేది చివరి సీనులో మాత్రమే. వాకర్ పట్టుకుని వసారాలోకి వస్తాడు. బండిని చూస్తాడు. నన్ను చూడటానికి దీని మీదే వచ్చావా అని అడుగుతాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. అంతే. ఇంకో నటుడైతే అక్కడ బోరుమనేవాడు, మనమూ చప్పట్లు కొట్టేవాళ్లం.

హీరో వేషం వచ్చేసరికి 57 ఏళ్లు. విమ్ వెండర్స్ ‘ప్యారిస్, టెక్సస్’లో ఎడారిలోంచి నడిచొచ్చిన మనిషి చాలాసేపు నోరే విప్పడు. తీరా భార్య కనబడినప్పుడు ఇద్దరి మధ్యా అద్దం. ఆమె అతనికి కనిపిస్తుంది, అతను ఆమెకు కనబడడు. అతను కుర్చీ తిప్పుకుని, ఆమెకు వీపు పెట్టి, ఫోనులో తమ కథే ఎవరిదో అన్నట్టు చెబుతాడు. 1984లో ఆ సినిమాకు కాన్‌లో పామ్ డోర్ వచ్చింది. ఆ తర్వాత ఆయన మళ్లీ చిన్న వేషాలకే వెళ్లాడు. దాన్ని దురదృష్టమనేవాళ్లతో నాకు పేచీ. హీరో అయ్యుంటే ‘బిగ్ లవ్’ సీరియల్లో బహుభార్యల తెగకు పెద్దగా, మెత్తగా మాట్లాడుతూనే వెన్నులో చలి పుట్టించే ఆ ముసలాణ్ని ఎవరు చేసేవారు?

2017 సెప్టెంబరులో, 91 ఏళ్ల వయసులో పోయాడు. మళ్లీ హీరోగా చేసిన ‘లక్కీ’ ఆ నెలలోనే, ఆయన పోయాక థియేటర్లకొచ్చింది.

విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒక సూత్రం పెట్టుకున్నాడు: స్టాంటన్ గానీ, ఎం. ఎమ్మెట్ వాల్ష్ గానీ సహాయ పాత్రలో ఉన్న సినిమా పూర్తిగా చెడ్డది కాలేదు. తర్వాత ‘డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్’ చూసి, సూత్రం తప్పిందని తనే ఒప్పుకున్నాడు. నా లెక్కలో మినహాయింపులు ఇంకా ఉన్నాయి. వాటినీ చివరిదాకా చూశాను, ఈయన మళ్లీ ఏ సీనులో వస్తాడోనని.