మాది గుంటూరు కాదండీ, బెల్లంకొండ

"మీదే ఊరు?" అంటే ఇన్నాళ్ళూ గుంటూరు అని చెప్పేసేవాణ్ణి. బెల్లంకొండ అంటే సినిమావాళ్ళ ఇంటిపేరనుకుంటారు మరి :)

2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చినవాణ్ణి, ఇక్కడే ఉండిపోయా. పొద్దున్నే నాన్నతో మిరపచేలోకెళ్ళొచ్చి కోడ్ రాసుకోవడం. హైదరాబాదు ట్రాఫిక్ లేదు, అద్దె లేదు. పక్కింటి పిన్ని మాత్రం "ఏరా అబ్బాయ్, నీ ఉజ్జోగం ఉందా ఊడిందా?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

అన్నీ బాగున్నాయనను. పెద్ద డాక్టరు కావాలంటే సత్తెనపల్లి దాటి గుంటూరు పోవాల్సిందే. పోయినేడు అర్ధరాత్రి అమ్మకి గుండెల్లో నొప్పొస్తే, కారు నడుపుతుంటే తెలిసింది ఆ దారి ఎంత పొడుగో. అమ్మ బాగానే ఉంది. ఆ రాత్రి నేను హైదరాబాదులో ఉండుంటే?

కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు మా మండలంలోదే. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే అక్కడి గనుల్లో 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడది పులిచింతల ముంపులో కలిసిపోయింది. అంటే ఒకప్పుడు పని వెతుక్కుంటూ జనం మావైపే వచ్చేవారన్నమాట! ఇప్పుడు ఊళ్ళో నా ఈడువాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వచ్చేనెల నుంచి వారానికి అయిదురోజులూ ఆఫీసుకి రావాలని మెయిలొచ్చింది. కారు ఇక్కడే వదిలెళ్తానన్నా. నాన్న కాసేపు ఆగి, "అయితే నాకు డ్రైవింగ్ నేర్పి పో" అన్నాడు.

నిన్నటికి రెండో గేరు దాకా వచ్చాం.