చిట్టా చించకండి బాబూ

లాగ్ ఫైళ్లంటే చాలామందికి చెత్తబుట్టతో సమానం. డిస్కు నిండిందంటే ముందు చెయ్యి పడేది వాటిమీదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అక్కడ లాగులు రెండు రకాలు మరి.

మొదటిది వాచ్‌మన్ రిజిస్టరు లాంటిది. ఎవరొచ్చారు, ఏ క్వెరీ తప్పింది, అన్నీ అందులో ఉంటాయి. పాతవి నిక్షేపంగా పారేసుకోవచ్చు. రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌లో మామూలుగా వారం పేరుతో రోజుకో ఫైలు, మొత్తం ఏడు. వచ్చే గురువారం ఈ గురువారాన్ని చెరిపేస్తుంది. కువైట్‌లో ఇది చాలదు. 2007 నుంచి ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. ఈద్ సెలవులకి అటూ ఇటూ అవి అతుక్కుంటే ఒక్కోసారి తొమ్మిది రోజులు. తిరిగొచ్చేసరికి పండగ ముందు గురువారం ఏం జరిగిందో చెప్పే ఫైలే ఉండదు! అందుకే నేను తేదీ పేరుతో 31 ఫైళ్లు పెడతాను.

రెండోది అసలు చిట్టా. మన కిరాణా కొట్లలో ముందు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకి ఎక్కించేవారు కదా, అచ్చం అంతే. ప్రతి మార్పూ ముందు ఈ లాగులోకి, తర్వాతే టేబుల్ ఫైల్లోకి. మధ్యలో కరెంటు పోతే సర్వరు చిట్టా చూసుకుని ఆవర్జా సరిచేసుకుంటుంది. ఈ ఫోల్డరు పేరు ఒకప్పుడు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ ఉంది కదా అని చెరిపేసి డేటాబేసు పాడుచేసుకున్నవాళ్లున్నారు. చివరికి 2017లో, పదో వెర్షన్‌తో, పేరే పీజీ_వాల్ అని మార్చేశారు.

ఒక క్లయింటు దగ్గర జీతాల ముందురోజు ఈ ఫోల్డరే డిస్కంతా నింపేయబోయింది. పూర్తిగా నిండితే సర్వరు ఆగిపోతుంది. “అన్నా, పాతవి లేపేద్దామా?” అన్నాడు కొత్తగా వచ్చిన మనవాడు. “ఆగు తమ్ముడూ, ఎందుకు నిండిందో చూద్దాం” అన్నాను. ఈ లాగుల కాపీలు వెళ్లాల్సిన మెషీన్ని ఎవరో ఆపేశారు. కాపీ వెళ్లందే చిట్టా వదలనని సర్వరు భీష్మించుకు కూర్చుంది, పాపం దాని తప్పేం లేదు. ఆ మెషీన్ ఆన్ చేశాం. కాపీలన్నీ వెళ్లాక పాతవాటిని సర్వరే తీసేసుకుంది. మేం ఒక్క ఫైలూ ముట్టుకోలేదు.

ఆ జీతాల పట్టికలో కడప, రాజంపేట డ్రైవర్లున్నారు, గోదావరి జిల్లాలవాళ్లున్నారు. ఆ డబ్బుతో ఊళ్లో కట్టాల్సిన ఫీజులూ, తీర్చాల్సిన వడ్డీలూ ఉంటాయి.

గురువారం సాయంత్రం ఆఫీసు కదిలేముందు రెండే చూస్తాను: డిస్కులో ఖాళీ ఎంత, ఆఖరి కాపీ ఎప్పుడు వెళ్లింది. రెండు నిమిషాల పని.