గాలికొండ దాకా గుండె లెక్క

హైదరాబాద్‌లో ఒక జిమ్ములో తొమ్మిదేళ్ళుగా కదలని సైకిళ్ళ మీద జనం చేత తొక్కిస్తున్నాను. లైట్లు ఆర్పేసి, పాట పెట్టి, "కొండ ఎక్కుతున్నాం, నాబ్ ఇంకో తిప్పు బిగించండి!" అని మైకులో అరవడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో నేను సైకిలు మీద ఎక్కిన అసలు కొండ ఒక్కటీ లేదు. ఈ సంగతి విశాఖలో ఉంటున్న మా మేనల్లుడి దగ్గర నోరు జారాను. "అయితే అరకు వెళ్దాం అత్తా" అన్నాడు. వయసు అడ్డం పెట్టి చూశాను. అప్పటికి నాకు యాభై నిండి నెలయింది. వాడు వినలేదు.

నవంబరులో ఒక ఆదివారం, ఇంకా చీకటుండగానే పెందుర్తి దాటాం. నేను అద్దెకు తెచ్చిన గేర్ల సైకిలు మీద. వాడు నీళ్ళ సీసాలూ అరటిపళ్ళూ వేరుశనగ అచ్చులూ వేసుకుని వెనకాల స్కూటరు మీద. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా దారి దాదాపు చదునే, చెప్పుకోడానికి ఏమీ లేదు, చెమట తప్ప. మనం ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది నాలుగో వంతుకు మించదు. మిగిలిందంతా వేడే. ఆ వేడిని మోసుకుపోయేది కారే చెమట కాదు, ఆరే చెమట. తేమ నిండిన గాలిలో అది ఆరదు, ఊరికే మోచేతుల మీంచి బొట్లుబొట్లుగా రాలిపోతుంది. ఫ్యాను లేని మూలన కూర్చుని తడిసి ముద్దయినవాళ్ళను "శభాష్, బాగా పని చేశారు" అని ఎన్నిసార్లు మెచ్చుకున్నానో! వాళ్ళు చేసిన పని ఎంతో నాకు తెలియదు, చల్లబడలేకపోయారన్నది మాత్రం నిజం.

శృంగవరపుకోట దగ్గర టీ తాగుతుంటే మోకాలి చిప్ప కింద సన్నగా నొప్పి మొదలైంది. చలికి పట్టేసిందనుకున్నాను. పక్కన పాత సైకిలుకు రెండువైపులా పాలక్యాన్లు కట్టుకున్న పెద్దాయన నా సైకిలును పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏటమ్మా, సీటు దిగిపోనాది, సూసుకోలేదేటి? మోకాళ్ళు పోతాయి" అన్నాడు.

నిజమే. సీటు గొట్టాన్ని పట్టే క్లాంపు సరిగా బిగియక, నలభై కిలోమీటర్లలో కొంచెం కొంచెంగా మూడు వేళ్ళ మందాన కిందికి జారింది. జిమ్ము సైకిలుకు పిన్ను ఉంటుంది, కన్నంలో పడితే ఇక కదలదు. అందుకే నాకు ఆ అనుమానమే రాలేదు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు ఇంకా పాతిక ముప్ఫై డిగ్రీలు వంగి ఉండాలని రెండు రోజుల ట్రైనింగులో కోణమానిని పెట్టి మరీ నేర్పారు. సీటు దిగితే మోకాలు అంతకన్నా ఎక్కువ వంగి ఉండగానే బరువు తొయ్యాల్సి వస్తుంది, చిప్ప వెళ్ళి తొడ ఎముకను నొక్కుతుంది. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. కోణమానిని లేకుండా కంటితో పట్టేసినవాడు ఆయన. డబ్బులివ్వబోతే నవ్వి, క్యాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

కాశీపట్నం దాటాక ఘాటీ మొదలైంది. మొదటి మలుపులోనే నా తొమ్మిదేళ్ళ కొండలన్నీ అబద్ధమని తేలిపోయింది. జిమ్ము సైకిలుకు ముందు బరువైన ఫ్లైవీల్ ఉంటుంది. ఒకసారి తిరగడం మొదలైతే ఆ ఊపే కాలిని సగం మోసుకుపోతుంది. ఘాటీలో ఊపు మిగలదు, తొక్కు ఆపితే సైకిలూ ఆగుతుంది. పెడల్ తిరగడాన్ని గడియారం అనుకుంటే, ఒంటిగంట నుంచి ఐదు దాకా తొడ ముందరి నాలుగు కండరాలూ పిరుదు కండరమూ కలిసి నెడతాయి. పన్నెండు దగ్గరా ఆరు దగ్గరా మాత్రం కాలికి పట్టు దొరకదు. గదిలో ఆ రెండు చోట్లా ఫ్లైవీల్ దాటించేస్తుంది. ఇక్కడ ఆ రెండు చోట్లా సైకిలు నిలబడిపోయినట్టయ్యి, చక్రం అటూ ఇటూ ఊగేది. క్లాసులో నిమిషానికి ఎనభై చుట్లు తిప్పే నేను, అన్నిటికన్నా తేలిక గేరులో కూడా యాభై దాటలేకపోయాను. "కాలును పైకి లాగండి, పైకి లాగండి" అని క్లాసులో ఊదరగొట్టేదాన్ని. పైకొచ్చే కాలు చేయగలిగిన మేలల్లా రెండో కాలికి అడ్డం రాకపోవడమేనని పది మలుపుల్లో తెలిసిపోయింది.

టైడా దాటాక గుండె సంగతి వచ్చింది. 220లోంచి వయసు తీసేస్తే గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వస్తుందన్నది మా వృత్తిలో గాయత్రి మంత్రం లాంటిది. 1970ల తొలినాళ్ళ నుంచీ వాడుకలో ఉన్న లెక్క ఇది. 2001లో 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలన్న కొత్త సూత్రం వచ్చింది. నాకు మొదటి దాని ప్రకారం 170, రెండోదాని ప్రకారం 173. ఛాతీకి కట్టుకున్న పట్టీ చూపించిన అంకె 181. ఏ చార్టు ముందు నిలబడి పాఠం చెబుతానో, ఆ చార్టు ప్రకారం నేనిలా ఉండడానికి వీల్లేదు! సూత్రం తప్పని కాదు. అది సగటు, మనిషికీ మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా మామూలే. నా క్లాసులో బీపీకి బీటా బ్లాకర్ వేసుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆ మాత్ర పనే గుండె వేగాన్ని అదుపులో ఉంచడం. ఆయన అంకె ఎప్పుడూ 120 దాటదు. "ఇంకొంచెం సార్, మీరు జోన్‌లోకి రాలేదు" అని వెంటపడేదాన్ని. ఘాటీలో అది గుర్తొచ్చి చెమటలోనూ ఒళ్ళు చల్లబడింది.

మేనల్లుడు పక్కకొచ్చి ఏదో అడిగాడు. జవాబు చెప్పబోతే "ఊ" తప్ప రాలేదు. ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదని ఇప్పుడు గట్టిగా చెబుతాను. పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తేలిక పని, రెండు మూడు మాటలే వస్తే కష్టం, ఒక్క మాటా రాకపోతే ఎక్కువసేపు సాగదు. దీనికి పట్టీ అక్కర్లేదు, మాత్రలు వేసుకునేవాళ్ళకూ పనికొస్తుంది. వేగం తగ్గించాను. అచ్చు ముక్క నములుతూ, వాడితో పొట్టి పొట్టి మాటలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా మిగతా కొండంతా ఎక్కాను.

కేలరీల లెక్క కూడా దారిలోనే వేసుకున్నాను, మనసుకు ఏదో ఒక పని కావాలి కదా. నేనూ సైకిలూ కలిపి 82 కిలోలు, ఎక్కినది తక్కువలో తక్కువ వెయ్యి మీటర్లు. ఆ పని సుమారు 800 కిలోజౌల్స్. ఒంటి సామర్థ్యం నాలుగో వంతు దగ్గర ఉండడం వల్ల, ఒక కేలరీ నాలుగు కిలోజౌల్స్ పైచిలుకు కావడం వల్ల, రెండూ చెల్లుకుపోయి ఖర్చయిన కేలరీలూ దాదాపు 800 అవుతాయి. ఇంత కొండా కలిపి ఒక బిర్యానీ ప్లేటు! జిమ్ములో ముప్పావు గంట తొక్కి, తెర మీద వెయ్యి కేలరీలు చూసి మురిసిపోయేవాళ్ళకు ఇది చెబితే నా మీద కోపం వస్తుంది.

అనంతగిరి కాఫీ తోటలు దాటి గాలికొండ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుతున్న వాసన. బ్రేకు వేసి, దిగి, నిలబడ్డాను. రెండు క్షణాల్లో కళ్ళ ముందు నల్లటి తెర. మేనల్లుడు భుజం పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. పిక్కలను రెండో గుండె అంటారు. కాళ్ళలోని రక్తాన్ని ప్రతి తొక్కుకూ పైకి పిండేది అవే. తొక్కడం ఒక్కసారిగా ఆపితే పిండేవాళ్ళు లేక, విచ్చుకున్న రక్తనాళాల్లో రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది, తలకు చాలదు. క్లాసు చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కమని నేను రోజూ చెప్పేది దీనికోసమే. చెప్పడం అలవాటైనంతగా చెయ్యడం కాలేదు.

"కూర్చో అత్తా, కాళ్ళు చాపుకో" అని బల్ల మీద కూర్చోబెట్టాడు. "మీ క్లాసులో ఇలాగే పడిపోతుంటారా?"

అక్కడి నుంచి సుంకరమెట్ట మీదుగా అరకు దాకా చాలామటుకు దిగుడే. బ్రేకు పట్టీ పట్టీ అరచేతుల్లో చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కాయి. మణికట్టు దగ్గర నరం నలిగితే అంతే.

ఇండోర్ సైక్లింగ్‌కు వెళ్ళేవాళ్ళకు రెండే మాటలు. ఎక్కే ముందు సీటు ఎత్తు ఎవరి చేతనైనా చూపించుకోండి. ఆఖరి పాట మొదలవగానే కారు తాళాలు వెతుక్కుంటూ దిగిపోకండి.