కాగితం మీద పిల్లలు

అంగన్‌వాడీ టీచర్ అంటే ఊళ్లో తెలియనివారుండరు. ఆమె పని చూడటానికి పైన ఒక సూపర్‌వైజర్ ఉంటారన్న సంగతి మాత్రం చాలామందికి పట్టదు. ఎప్పుడో ఒకరోజు చేతిసంచితో బస్సు దిగి, రిజిస్టర్లు తిరగేసి, సంతకం పెట్టి వెళ్లిపోయే మనిషి. అంతే! 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్‌లో సుమారు పాతిక కేంద్రాలకు ఒక సూపర్‌వైజర్ అని లెక్క. గుడ్లు వచ్చాయా, బాలామృతం అందిందా, బాలింత ఇంటికి టీచర్ వెళ్లిందా... అన్నీ ఆమే చూసుకోవాలి. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ కూడా వచ్చి చేరింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఫోన్ పైకెత్తి నిలబడే టీచర్లను చూస్తే నవ్వాలో జాలిపడాలో అర్థం కాదు.

ఇవన్నీ చూడటం ఒక ఎత్తు, రాసిన అంకె నిజమో కాదో పట్టుకోవడం ఒక ఎత్తు. కాగితం మీద పిల్లలు ఎప్పుడూ బొద్దుగానే ఉంటారు మరి.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ పల్లె. రెండేళ్ల పాప బరువు రిజిస్టర్‌లో మూడు నెలలుగా 9.2, 9.4, 9.6 కిలోలు. ముచ్చటైన పెరుగుదల. ఆ రోజు తల్లి కూలికి వెళ్లలేదు కాబట్టి పాప కేంద్రానికి వచ్చింది. సూపర్‌వైజర్ పాపను ఉయ్యాల తూకంలో కూర్చోబెట్టారు. 7.8! జబ్బకు టేపు చుట్టారు. 11.2 సెంటీమీటర్లు. 11.5 కంటే తగ్గితే ఎరుపు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం.

టీచర్ ముఖం పాలిపోయింది. సూపర్‌వైజర్ ఒక్క మాట కూడా అనలేదు. తల్లుల ముందు టీచర్‌ను కసిరితే రేపటినుంచి ఆ ఊళ్లో ఆమె మాట ఎవరు వింటారు? ఈ ఒక్క సంగతి తెలియని పైఅధికారులు అన్ని శాఖల్లోనూ కనిపిస్తారు.

ముందు పాప సంగతి. జిల్లా ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి, తల్లి కూడా రెండు వారాలు దగ్గరుండాలి. తల్లి తల అడ్డంగా ఊపింది. "నేను దవాఖానల కూసుంటే పెద్దపిల్లకు బువ్వ ఎవరు పెడ్తరు మేడం?" దీనికి ఏ మార్గదర్శకాల్లోనూ జవాబు లేదు. జవాబు వంటగదిలోంచి వచ్చింది. "నా దగ్గర పండుకుంటది తియ్యి" అంది ఆయా, చేతులు తుడుచుకుంటూ.

అందరూ వెళ్లాక టీచర్ ఏడ్చింది. తల్లి తెల్లారకముందే పాపను తీసుకుని పత్తి చేనుకు వెళ్లిపోయేదట. గడి ఖాళీగా ఉంటే మాటొస్తుందని అందాజాగా రాసేసిందట. మెమో ఇవ్వడానికి అయిదు నిమిషాలు చాలు. ఇస్తే తప్పూ కాదు. కానీ ఆ సాయంత్రానికల్లా మిగతా ఇరవై నాలుగు ఊళ్లకూ కబురు వెళ్తుంది, అంకెలు ఇంకాస్త నున్నగా తయారవుతాయి. సూపర్‌వైజర్ ఆ మూడు అంకెలనూ టీచర్‌తోనే కొట్టేయించారు. అసలు బరువు రాయించి, కింద తేదీ వేసి తానూ సంతకం చేశారు. "తూకం వెయ్యకపోతే వెయ్యలేదని రాయమ్మా. ఎందుకని నేను అడుగుతాను, అరవను" అన్నారు.

ఆ సంతకంతో తప్పులో ఆమెకూ వాటా వచ్చింది. నెలవారీ సమావేశంలో మూడు నెలలుగా ఏం చూశారని అందరి ముందూ అడిగారు. రిజిస్టర్లు చూశాను, పిల్లల్ని చూడలేదు అని చెప్పి కూర్చున్నారామె.

పాప పదహారో రోజున ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆ టీచర్ కూలీల ఆటో కదలకముందే తూకం పట్టుకుని వీధిలోకి వెళ్తోంది. సూపర్‌వైజర్ మాత్రం మిగతా కేంద్రాల్లో పిల్లల్ని మళ్లీ తూయిస్తున్నారు. పదకొండు అయ్యాయి. పన్నెండో ఊరికి బస్సు పొద్దున ఆరున్నరకి.